అయిదో తరగతి కప్పు

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. మీ మేనల్లుడు ఇంకా ఇంటివాడు కాలేదు గానీ, మొత్తానికి ఆఫీసువాడయ్యాడు. దేశం మొత్తానికీ ఉన్న విద్యాశాఖలో ఉద్యోగం. శాఖ చరిత్రను పుస్తకంగా రాసే పని నాకే అప్పగించారు. హోంశాఖ వరండాలో ఒక బల్ల, ఒక గుమస్తాతో మొదలైందట. కొన్నాళ్ళు వ్యవసాయంతో కలిపారు, కొన్నాళ్ళు ఆరోగ్యంతో. ఇప్పుడు పెద్ద మేడ. దేశంలో ఏ మూల బడిగంట మోగినా మేం మోగించినట్టే అనుకోండి.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క. నాకు విడిగా గది ఇచ్చారు. బీరువాలు కూడా అందులోనే ఉన్నాయి.

---

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి కళ్ళనీళ్ళు తిరిగాయి. హెడ్‌మిస్ట్రెస్‌నన్న మాటే గానీ మా బడి సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. అయిదో తరగతి కప్పు కారుతోంది. వానొస్తే పిల్లలు గొడుగుల కింద లెక్కలు చేస్తున్నారు. మునిసిపల్ ఇంజనీరుగారి చుట్టూ తిరిగి చెప్పులరిగిపోయాయి. ఇక ఆ బాధ లేదు. "మావాడు పైన ఉన్నాడు, మీరు శ్రమపడకండి" అని చెప్పి అర్జీ వెనక్కి తెచ్చేసుకున్నాను. ఎప్పుడు చేయిస్తావో రాయి.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క. వ్యవసాయంతో కలిసి ఉండేవాళ్ళమన్నావు. మా బడిలో గంటకొట్టే ఆయన ఆవు పాలు తగ్గించింది. పాత పరిచయాలేమైనా ఉంటే చూడు.

---

అత్తయ్యకి నమస్కారాలు.

అర్జీ వెనక్కి తీసుకోవడం కాస్త తొందరపాటేమో. మీ విషయం ఇక్కడ పరిశీలనలో ఉంది. తగు సమయంలో తగు చర్య ఉంటుంది. ఆరోగ్యం జాగ్రత్త.

మీ మేనల్లుడు

తా.క. ఆవు విషయం కూడా పరిశీలనలో ఉంది.

---

చిరంజీవికి,

పరిశీలనలో ఉందని నువ్వే అన్నాక ఇంకేం కావాలి? పాత పెంకులు దింపించేశాను. పిల్లలు ఆకాశం కింద కూర్చుంటున్నారు. మబ్బులు పట్టాయి. నీ మనుషులు ఏ బండికి వస్తున్నారు?

నీ రాక కోసం చూసే అత్తయ్య

తా.క. ఇంజనీరుగారికి నీ ఉత్తరం చూపించాను. మంచినీళ్ళడిగి తాగారు.

---

అత్తయ్యా,

సిగ్గుతో చచ్చిపోతూ రాస్తున్నాను. మా శాఖ చేతిలో మీలాంటి బడి ఒక్కటీ లేదు. కప్పు వేయడం మీ మునిసిపాలిటీ పని. మా వాళ్ళు విధానాలు రాస్తారు, నిధులు పంచుతారు, ఎంతమంది పిల్లలు బడికొస్తున్నారో లెక్కలు తీస్తారు. నేను అదీ చేయను, పాత ఫైళ్ళ దుమ్ము దులుపుతాను. మీరు నమ్ముతారని తెలిసే గొప్పలు రాశాను. వానకి ముందే ఇంజనీరుగారి కాళ్ళయినా పట్టుకోండి. నా ఊసు మాత్రం ఎత్తకండి.

మొహం చెల్లని
మీ మేనల్లుడు

తా.క. ఆ గది నాది కాదు, బీరువాలది.

---

చిరంజీవికి,

నీ ఉత్తరం నేను చదవలేదు, విన్నాను. ఇంతకుముందు చెప్పలేదు గానీ, నీ ఉత్తరాలన్నీ అయిదో తరగతి చేత పైకి చదివిస్తాను. పెద్ద ఆఫీసుల భాష అలవాటవుతుందని నా ఆశ.

ఇదీ అలాగే చదివించాను. అప్పటికి ఇంజనీరుగారు నీ భయంతో మేస్త్రీలను తెచ్చి, తానే గోడెక్కి వాసాలు వేయిస్తున్నారు. మా పిల్ల గొంతెత్తి స్పష్టంగా చదివింది. "మీ మునిసిపాలిటీ పని" అన్నచోట పైన సుత్తి చప్పుడు ఆగిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేస్త్రీలు ఆయన మొహం చూస్తున్నారు.

"కానివ్వండి. ఎవరూ భయపెట్టకపోయినా మనం చేయాల్సిందే" అన్నారాయన చివరికి. పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళేదాకా మాత్రం కిందికి దిగలేదు.

కప్పు పడింది. నీ మీద కోపం లేదని అబద్ధమాడను. నిన్ను నమ్మి పెంకులు దింపినందుకు నా మీదా ఉంది.

అత్తయ్య

తా.క. చదివిన పిల్ల, "మరి ఆయన శాఖ లేకపోతే మనకేం తక్కువ టీచర్?" అంది. ఏదో తక్కువవుతుందని తెలుసు గానీ, చెప్పడం చేతకాలేదు. చరిత్ర రాసేవాడివి, సెలవు పెట్టి వచ్చి నువ్వే చెప్పు. నీకూ జవాబు తెలియకపోతే ముందు బెంచీలో చోటుంది, కూర్చుని నేర్చుకుందువు గాని.