ఒడిల్ గారి నాన్నలు

కలమజూ,
ఏప్రిల్ 9

ప్రియమైన రేణూ,

ఫోన్లో నేను బెల్లం కొట్టిన రాయిలా ఉంటానని, చెప్పేదేదో కాగితం మీద రాసి పంపమని అన్నావు. అందుకని రాస్తున్నాను.

కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరైనవాడికి ఈ డ్రైవర్ ఉద్యోగమేమిటని నవ్వావు. పని తేలికే. వ్యాన్ నడపాలి, గిటార్ పెట్టెలు దించాలి, షో అయ్యాక సీడీలు అమ్మాలి. ఒడిల్ గారికి డెబ్భై దాటాయి. ఫ్రాన్స్‌లో పల్లె బాణీల్లో సొంత పాటలు కట్టి పాడేవారు. ఒకప్పుడు ఓడరేవు కూలీల సమ్మెలో ఆవిడ పాట ఊరూరా పాడుకున్నారట. దాంతో పెద్ద రికార్డు కంపెనీ వెతుక్కుంటూ వచ్చి, వెనకాల వరసగా వయొలిన్లు పెడతామందట. "అయితే మధ్యలో నేనెందుకు?" అని ఆవిడ బయటికొచ్చేసింది. అప్పట్నుంచీ చిన్న చిన్న హాళ్ళే, ఇప్పుడీ అమెరికా టూర్‌లో కూడా.

ప్రతి పాటకీ ముందు అది ఎలా పుట్టిందో ఇంగ్లీషులో చెబుతుంది. నిన్న చెప్పిన కథలో వాళ్ళ నాన్న జాలరి, తుఫానులో పోయాడు. హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

మందులు వేసుకుంటున్నాను.

నీ మోహన్

ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 16

ప్రియమైన శ్రీవారికి,

ఉత్తరం అందింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు నాతో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు. ఫ్రిజ్ మీద అంటించాను.

టూర్ రూట్ వెబ్‌సైట్‌లో చూశాను. డలూత్ కూడా ఉంది. హంసిక అక్కడే ఉంటోందని మీకు గుర్తు చేయక్కర్లేదనుకుంటాను. ఇంజినీరింగ్ మధ్యలో మానేసి బేకరీలో చేరిందని "నాకు కూతురు లేదనుకుంటా" అన్నది మీరే. రెండేళ్ళయింది. ఆదివారాలు అది నాకు ఫోన్ చేస్తే, మీరు పక్క గదిలో టీవీ సౌండ్ పెంచుతారు. ఎలా ఉందని ఒక్కనాడూ అడగరు.

మీరు ఆ ఊరు వస్తున్నారని దానికి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. వెళ్ళి చూడండి. ఉన్నది ఒక్కతే కూతురు. మీ ఇద్దరి మధ్యా నిలబడి నేను అలిసిపోయాను.

మీ రేణు

గ్రీన్ బే,
మే 1

ప్రియమైన రేణూ,

డలూత్ షో అయిపోయింది. హాలు సగం నిండింది. రోజంతా వర్షం, సరస్సు మీంచి గాలి. సీడీలు ఫర్వాలేదు. ఇంటర్వెల్ తర్వాత నేను ఎప్పట్లాగే బయట వ్యాన్‌లో సామాన్లు సర్దుకుంటూ ఉండిపోయాను. మిగతా సంగతులేమీ లేవు.

ఒడిల్ గారి నాన్న మాడిసన్‌లో జడ్జి అయ్యాడు. మినియాపోలిస్‌లో సర్కస్‌లో కత్తులు విసిరాడు. ఉండబట్టలేక అడిగేశాను. అసలాయన పోస్టాఫీసు గుమాస్తా అట, నిద్రలో పోయాడట. "అది చెబితే పాట ఎవరు వింటారు?" అంది. ఇన్నేళ్ళుగా తన వ్యాన్ నడిపినవాళ్ళు దారిలో చెప్పుకున్న కథల్ని తీసుకెళ్ళి వాళ్ళ నాన్నకి తగిలిస్తుందట. నన్నూ ఏదో ఒకటి చెప్పమని ఒకటే పోరు. నా దగ్గరేముంటాయి, బ్రేకుల గురించి చెప్పాను.

ఇక్కడ స్కూల్లో పాటలు కట్టడం నేర్పిస్తోంది. రెండు వారాలు ఉంటాం. ఉత్తరం హాలు అడ్రస్‌కి పంపు.

నీ మోహన్

ఫార్మింగ్టన్ హిల్స్,
మే 6

ప్రియమైన మోహన్ గారికి,

ఈసారి హంసిక ఆదివారం దాకా ఆగలేదు. ఇవాళే ఫోన్ చేసింది.

అది ఆ షోకి వెళ్ళింది. మిమ్మల్ని దూరం నుంచి చూసి వచ్చేద్దామని చివరి వరసలో కూర్చుందట. ఇంటర్వెల్ తర్వాత ఒడిల్ గారు వాళ్ళ నాన్న కథ మొదలుపెట్టారు. ఆయన కూతురితో మాట మానేశాడట. ఆమె ఉండే ఊరు దారిలో తగులుతుందని, కేవలం అందుకే, ఎవరి దగ్గరో డ్రైవర్‌గా చేరాడట. ఊరొచ్చాక ఆమె రొట్టెల షాపుకి ఎదురుగా వానలో నిలబడ్డాడట. అద్దంలోంచి కనిపిస్తోందట, చేతులనిండా పిండి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుందని, బాగా చిక్కిపోయిందని అనుకున్నాడట. రోడ్డు దాటలేక వెనక్కి వచ్చేశాడట.

హంసిక జుట్టు కత్తిరించుకుని నెల కాలేదు. నేనే ఇంకా చూడలేదు.

"అమ్మా, ఆ స్టోరీ నాన్నదేనా?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఫోన్ పెట్టేశాక మీ మీద ఒళ్ళు మండింది. పక్కన పడుకునే నాకు చెప్పని మాట ఆవిడకి చెప్పారు. ఆవిడ హాలుకంతా చెప్పింది. నాకు మాత్రం వర్షం, గాలి, సీడీలు. దానికి మీరంటే లెక్కలేదని మీరూ, మీకు అదంటే లెక్కలేదని అదీ, ఇద్దర్నీ నమ్మి నేను రెండేళ్ళు కుమిలిపోయాను.

దానికి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ జవాబు నాది కాదు.

మీ రేణు

డలూత్,
మే 12

ప్రియమైన రేణూ,

నీ ఉత్తరం నిన్న అందింది. అందులో ఏముందో ఒడిల్ గారికి ఇంగ్లీషులో చెప్పాను. సారీ అంటుందనుకున్నాను. వ్యాన్ తాళాలు చేతిలో పెట్టి, "ఆ కథ బాగా పండింది, మిగతాది కూడా తెచ్చిపెట్టు" అంది. తెల్లవారుతుండగా బయల్దేరాను.

నీకెందుకు చెప్పలేదంటే, అంతదూరం వెళ్ళి రోడ్డు దాటలేదా అంటావని సిగ్గేసింది. భయం కూడా, రేణూ. అది నన్ను చూసి లోపలికి వెళ్ళిపోతే ఏం చేయాలో తెలియలేదు. దానికేం తెలుసు, రెండేళ్ళుగా రోజూ దాని గురించే ఆలోచిస్తున్నానని.

ఇది బేకరీలోనే కూర్చుని రాస్తున్నాను. లోపల లైన్ ఉంటే నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఏం కావాలని హంసిక ఇంగ్లీషులో అడిగింది, అందర్నీ అడిగినట్టే. "బ్రెడ్" అన్నాను. స్లైస్ చేయాలా అంది. చేయమన్నాను. చేసి, సంచిలో పెట్టి ఇచ్చింది. నేను కదల్లేదు. నా వెనకాల ఉన్నవాళ్ళని చూసి, గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడింది.

"నాన్నా, త్రీకి షాప్ క్లోజ్ చేస్తాను. వెళ్ళిపోకు."

కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంకా పదకొండే అయింది.

నీ మోహన్