పొయ్యి పైన పదకొండు పుస్తకాలు

విశాఖపట్నం, 3 జూన్ 2024

శ్రీ బుధు గారికి,

మన దీనసేవా సంఘానికి వందేళ్లు నిండుతున్నాయి. మూతపడిన అనంతగిరి పిల్లల ఆశ్రమం రిజిస్టర్లు పదకొండు మీ దగ్గర ఉన్నట్టు తెలిసింది. వాటిని ఎక్కడ, ఎలా భద్రపరిచారో తెలియజేయగలరు.

ఇట్లు,
సత్యకుమారి, రికార్డుల అధికారిణి

అనంతగిరి, 12 జూన్

సత్యకుమారి మేడం గారికి బుధు నమస్కరించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. నేను ఆశ్రమంలో వంటవాడిని. మూసేసిన రోజు వార్డెన్ గారు పుస్తకాలు నా చేతిలో పెట్టి జాగ్రత్త అన్నారు. మా ఇంట్లో కట్టెల పొయ్యికి పైన వెదురు అటక ఉంది. విత్తనాల సామలు దాచేది దాని మీదే. పుస్తకాలూ అక్కడే పెట్టి, చెదా చెమ్మా చేరకుండా పంతొమ్మిదేళ్లుగా రెండు పూటలా పొగ పెడుతున్నాను.

చిత్తగించవలెను,
బుధు

తా.క. అట్టలు మొదట్లో ఎర్రగా ఉండేవి. ఇప్పుడు నా రంగుకి వచ్చాయి.

విశాఖపట్నం, 20 జూన్

బుధు గారికి,

మీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. చరిత్ర రికార్డులను నిప్పు పైన పెడతారా? పొయ్యి వెంటనే ఆర్పండి. ఇనప ట్రంకుపెట్టె, కలరా ఉండలు, మంటలార్పే సిలిండర్ పంపుతున్నాను. పుస్తకాలు పెట్టెలోకి మార్చి రాతపూర్వకంగా తెలపండి. లేకపోతే మీపై చర్య తప్పదు.

ఇట్లు,
సత్యకుమారి

తా.క. సిలిండర్‌ను వంటకు వాడరాదు.

అనంతగిరి, 2 జూలై

మేడం గారికి బుధు నమస్కారాలు.

అన్నీ అందాయి. ఎర్ర సిలిండర్‌ని గుమ్మం పక్కన నిలబెట్టాను. చూడటానికి పక్క ఊళ్ల వాళ్లు కూడా వస్తున్నారు. మీ మాట మన్నించి పుస్తకాలు పెట్టెలో పెట్టాను. వారం తిరిగేసరికి వాన చెమ్మకి బూజు పట్టాయి. తుడిచి మళ్లీ అటక ఎక్కించాను. చర్య తీసుకోండి, నాకు కోపం లేదు.

ఏడో పుస్తకంలో మా చెల్లి కనక పేరుంది. ఏడేళ్ల గుంట, విషజ్వరంతో ఆశ్రమంలోనే పోయింది. దానికి ఫొటో లేదు, రేషన్ కార్డు లేదు. ఈ లోకంలో కనక పేరు రాసి ఉన్నది ఆ ఒక్క వరుసలోనే. అది చెరిగిపోతే నేను తట్టుకోలేను. నాకు గ్యాసు వచ్చి ఆరేళ్లయింది, వంట దాని మీదే. కట్టెల పొయ్యి పుస్తకాల కోసమే వెలిగిస్తున్నాను. “పుస్తకాలకి గూడా ఆకలేత్తాదేటి తాతా” అని పక్కింటి యర్రమ్మ నవ్వుతుంది.

బుధు

తా.క. పెట్టె వృథా కాలేదు. అందులో కోడిని పొదగేశాం. కలరా ఉండలు తీసేశాకే కూర్చుంది.

విశాఖపట్నం, 15 జూలై

బుధు గారికి సత్యకుమారి నమస్కరించి రాయునది.

మీపై చర్యకి కాగితం తయారుచేశాను. భద్రపరచడమంటే ఎలా ఉండాలో ఫొటో తీసి దానికి జతచేద్దామని మా ఆఫీసు ఇనప బీరువా తెరిచాను. నలభై పుస్తకాలూ పైకి బాగానే ఉన్నాయి. వెనక రేకు తుప్పు పట్టిన చోట గోడలోంచి చెద దూరి, అట్టలు వదిలి లోపలిదంతా తినేసింది. ఎన్ని పేర్లు పోయాయో చెప్పడానికి కూడా ఆధారం లేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. కాగితం చించేశాను.

చెద ముట్టనివి ఆరు పుస్తకాలే దక్కాయి. వాటిని తీసుకుని వచ్చే సోమవారం రైల్లో మీ దగ్గరి టైడా స్టేషన్‌కి నేనే వస్తున్నాను. మీ అటక మీద కాస్త చోటివ్వండి. ఏడో పుస్తకం మీరే దించి, కనక పేరు నాకు చదివి వినిపించండి.

మీ
సత్యకుమారి

తా.క. పొయ్యి ఆర్పమన్న ఉత్తర్వు రద్దు చేస్తున్నాను. రాతపూర్వకంగా.