ఎడమచేతి వీణ

బొబ్బిలి, 11-8-1968, ఆదివారం

కొట్టులో దొరికే గ్రీటింగు కార్డులన్నీ గులాబీలే. మగవాడికి అవేం పంపుతాం? అన్నయ్య పుట్టినరోజుకని పాత చెప్పు రబ్బరు మీద వీణ చెక్కి, సిరా అద్ది, అట్ట మీద ముద్ర కొట్టాను. బాగానే వచ్చిందనుకున్నాను.

వీణలు చెక్కడం మానేసి అన్నయ్య కొత్తవలసలో రైల్వే పనికి చేరినప్పటి నుంచీ నాన్న వాడి ఊసే ఎత్తలేదు. అలాంటిది కార్డు చూడగానే, "ఇదేటే, ఎడంసేతి వీణ! రబ్బరు మీద తిరగేసి సెక్కితేనే అట్ట మీద సరిగ్గా పడతాది. మీ అన్న సూస్తే నవ్వుతాడు" అన్నాడు. తన చిన్న ఉలి నా ముందు పెట్టి, "కింద నా పేరు కూడా రాసీ" అన్నాడు.

రేపు మళ్లీ చెక్కుతాను, ఎన్ని చెప్పులు పాడైనా సరే. పేరు మాత్రం నేను రాయను. నాన్న చేతే రాయిస్తాను.