ఆటోలో చదివిన మంత్రం

జూన్ 9
నువ్వూ అందరిలాంటిదానివే, కాగితమా. నర్సింలు పోయాడని రాస్తే మోస్తావు, ఎందుకు పోయాడని అడగవు. ఇరవై ఏళ్లు ఈ సర్కారు దవాఖానలో నా పక్క కుర్చీలో కూర్చున్న తోటి డాక్టరు. ఛాతీలో నొప్పి వస్తే ఈసీజీ తనే తీయించుకుని, తనే చూసుకుని, "గ్యాసే సిస్టర్... బయట ఇంకెంతమంది ఉన్నరు?" అన్నాడట. అదే ఈసీజీ పేషెంటుదైతే తిట్టి మరీ సిటీకి పంపేవాడు!

జూన్ 11
కుర్చీ ఖాళీ. ఇంకో డాక్టరును వెయ్యమంటే పైవాళ్లది ఒకటే మాట — చూద్దాం. వానలు మొదలయ్యాయి. పాములు బయటికొచ్చే రోజులు. ఫోన్ మోగితే ముందు పాము మందు సీసాలు ఎన్నున్నాయో చూసుకుంటున్నాను.

జూన్ 14
నర్సింలుతో నా పెద్ద కొట్లాట గుర్తొస్తోంది. పాము కరిస్తే సురంగల్ ఊరివాళ్లు ముందు మంత్రగాడు మల్లయ్య దగ్గరికే పోతారు. నర్సింలే వెళ్లి అతనితో ఒప్పందం చేసుకొచ్చాడు. "మల్లన్నా, మంత్రం బందు పెట్టుమంటలేను. ఆటోల కూసొని చదువు. మా దవాఖాన గేటు దాంక చదువు."
మూఢనమ్మకాల మీద పేపర్లకు వ్యాసాలు రాసే నేను, వాటికే లైసెన్సు ఇస్తావా అని అరిచాను. "నువ్వు వ్యాసాలు రాస్కోరాదు, నేను సూది ఏస్త" అని నవ్వాడు.
ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆటోలు వచ్చేవి... టైముకు వచ్చేవి.

జూన్ 17
మధ్యాహ్నం మొయినాబాద్‌లో మీటింగ్. సిస్టర్ ఫోన్: సురంగల్ పెంటమ్మ, కొత్తిమీర కోస్తుంటే పాము కాటు. పరుగు. రోడ్డు నిండా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ప్లాట్లు చూపించే కార్లు, కంకర టిప్పర్లు.
గేటు దగ్గర ఆటో. లోపల మల్లయ్య, మంత్రం ఆపకుండా. పెంటమ్మ రెప్పలు వాలిపోతున్నాయి. పాము మందు ఎక్కించి అంబులెన్సులో సిటీకి పంపాను.
"నర్సింలు సారుంటే మాకోసం గేటు కాడనే నిలవడుతుండె" అన్నాడు మల్లయ్య.

జూన్ 18
పెంటమ్మ కబురు లేదు.
రేపు చేవెళ్లలో నర్సింలు సంతాపసభ. సభకు ఖర్చు పెడుతున్న, ప్లాట్ల వెంచర్లు వేసే పెద్దమనిషి వచ్చాడు. "డాక్టర్ సాబ్‌కు నిలువెత్తు విగ్రహం సారూ, మా వెంచర్ గేటు కాడ. మీరు రెండు మంచి ముక్కలు మాట్లాడున్రి. లొల్లి చెయ్యకున్రి జర."
"విగ్రహం సూది ఏస్తదా?"
"గిదే సారూ మీతోని..."
మైకు ఇస్తారా? ఇచ్చి లాక్కుంటారా?

జూన్ 19, పొద్దున
పెంటమ్మ కబురు కోసం సిటీ ఆసుపత్రికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు. సభలో చదివేది ఇదే —
విగ్రహం వద్దు.
నర్సింలు కుర్చీలో డాక్టరు కావాలి, ఈ వానల్లోనే.
పాము మందు ఎప్పుడూ ఉండాలి.
డాక్టరు గుండెను ఇంకో డాక్టరు చూడాలి.
మల్లయ్య మంత్రాన్ని ఎవరూ ఆపొద్దు. గేటు దాకా ఆటోలో చదవనివ్వాలి.