ఆరెకరాల దొరతనం

మంగళవారం, రాత్రి

రైతు సాయానికి భూపరిమితి ఎంతుండాలో రేపు పంజాగుట్ట ఆఫీసులో నేను సిఫారసు చేయాలి. తత్సంబంధంగా, ఊరి నుంచి వచ్చిన మల్లయ్య మామను అమీర్‌పేట టిఫిన్ సెంటర్‌లో, దోశ సమక్షంలో విచారించడమైనది.

"మస్తు ఉన్నోళ్లకు సర్కారు పైసలెందుకు అల్లుడూ? బంద్ వెట్టాలె!"

"ఎన్ని ఎకరాలుంటే, మామా?"

"ఏడు."

మామకు ఆరున్నాయి. ఆయన పొరుగు రైతు లక్ష్మమ్మకు నాలుగు. ఆమెను ఫోన్ స్పీకర్‌లో అడిగితే, తడుముకోకుండా ఐదన్నది.

"మా మామకు పోతది గదా, అత్తా?"

"పోనీ బిడ్డా. ఆరెకరాలోడు దొర గాదా?"

మామ కోపగించుకోబోయి, ఆ మాటను మనసులో మరోసారి అనుకొని మురిసిపోయాడు. బిల్లు సైతం పట్టుబట్టి ఆయనే కట్టాడు.

రేపు ఐదని రాస్తే మామకు సాయం పోతుంది. దొరతనం మాత్రం అధికారికమవుతుంది.