నాయనమ్మ విత్తనం పసుపు

కెజియా, వేల్పూర్ పోతున్న. పప్పు పొయ్యి మీదుంది, తమ్మునికి పెట్టు.

నిన్న నువ్వు అడుక్కోనొచ్చిన గా ముసలామెకు ఇచ్చిన బస్తా వంటపసుపు కాదు బిడ్డా. నాయనమ్మ ఈ వానలకు చేన్ల పెట్టెతందుకు దాచిన విత్తనం. “దేశంగాని దేశంల సేవ జేసొచ్చి నా విత్తనం ఊడ్చిండ్రు” అంటున్నది. ఎదురు చెప్పకు. తలుపు కాడికొచ్చినోళ్లను ఉత్త చేతులతోని పంపొద్దని ఆఫ్రికాల, మలావి మిషన్ ఇంట్ల, నీకు నేర్పింది నేనే.

ఇచ్చింది మళ్ల అడిగేది లేదు. వేల్పూర్ల నడిపయ్య మామ చేన్ల నాలుగు రోజులు పనిచేసి విత్తనం తెస్త. డాడీ మలావి నుంచి ఫోన్ చేస్తే, అమ్మ సేవకు పోయిందని చెప్పకు. ఉన్నదున్నట్టు కూలికి పోయిందని చెప్పు.

అమ్మ

గా ముసలామె మళ్లొస్తే సిగ్గుపడి తలుపెయ్యకు. కూసోబెట్టి అన్నం పెట్టు.