ఆర్గన్ వెనక చెక్క

లిన్యా టానెన్, బ్రెజిల్
1958 ఆగస్టు 19

చెల్లీ విల్మా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మనసే బాగాలేదు.

తాతలు జర్మనీ నుంచి వచ్చి కట్టుకున్న మన చర్చికి డెబ్బై ఐదేళ్లు నిండాయని రంగులు వేయించారు. ఆ పని నేనే చేశాను. ఆర్గన్ వెనక, దానికి గాలి అందించే తిత్తులు నాన్న తొక్కే మూల గుర్తుందిగా. ఎవరి పెళ్లికి, ఎవరి చావుకి తొక్కినా అక్కడి చెక్క మీద పెన్సిలుతో పేరు రాసేవాడు. నాన్నే పోయాక ఆ గీతలు ఇంకెవరు చూస్తారులే అని తెల్లరంగు కొట్టేశాను.

ఆదివారం ఎల్ఫ్రీడా మామ్మ కర్ర పొడుచుకుంటూ అక్కడికి వచ్చింది.

"మా పసివాడి పేరేదిరా?" అంది.

బాప్తిస్మం కాకుండానే పోయాడని అప్పటి పాస్టరు ఆ బిడ్డను చర్చి పుస్తకంలో ఎక్కించలేదట, పూడ్చేటప్పుడు ఆర్గన్ కూడా వాయించనివ్వలేదట. నాన్న మాత్రం చెక్క మీద రాశాడట.

"మళ్లీ రాస్తాను మామ్మా" అన్నాను.

"నీ రాత నాకెందుకురా. మీ నాన్న రాసిందే కావాలి" అంది.

బస్సులో పంపిన మాతే టీ ఆకు అందిందా? బావ నడుంనొప్పి తగ్గిందా? నాన్న ఉత్తరం ఒక్కటైనా నీ పెట్టెలో ఉంటే వెంటనే పంపు. ఆ బిడ్డ పేరు హూగో. నాన్న అక్షరాలు చూసి దిద్దుకోవాలి.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ అన్న
రైనోల్డో